తవ్వడానికి ముందూ, పూడ్చిన తర్వాతా

అమ్మాయీ,

కంపెనీలో ఫైబర్ కేబుళ్లు భూమిలో వేసే రూట్లకు పర్మిషన్లు తెచ్చే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఇందులో తల నెరిసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు రూల్స్ చదువు, అదీ కొత్తవి. 2016 నాటి రైట్ ఆఫ్ వే (ఇతరుల స్థలం మీదుగా కేబుల్ వేసుకునే హక్కు) రూల్స్ పోయి, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద చేసినవి 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పాత ఫైలు చూసి కొత్త దరఖాస్తు రాసే అలవాటు చాలామందికి ఉంది. నువ్వు ఆ దారిన పోకు. స్థలం తన చేతిలో ఉన్న ప్రభుత్వ సంస్థ నీ దరఖాస్తును కాదనాలంటే కారణం రాసి ఇవ్వాలి. గడువులోగా ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ప్రైవేటు స్థలమైతే యజమానితో ఒప్పందం కుదుర్చుకోవాలి.

ఆ ‘ఇచ్చినట్టే లెక్క’ను పట్టుకుని మర్నాడే జేసీబీ పంపేయకు తల్లీ. హక్కు నీదే, కాదనను. కానీ పని ఫలానా రోజు మొదలవుతుందని రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాపీ సైట్‌లో ఉంచు. కాగితం చేతిలో లేని మేస్త్రీని ఎవరైనా ఆపేస్తారు.

మ్యాప్ పట్టుకుని రూటంతా నడువు. పంచాయతీ రోడ్డు, ఆర్ అండ్ బీ రోడ్డు, కాలువ గట్టు, రైల్వే క్రాసింగ్ అన్నీ ఒకే రూట్‌లో తగలొచ్చు. దేని అనుమతి దానిదే. నేషనల్ హైవే, రైల్వే, అటవీ భూమి ఉంటే వాటి ఫైళ్లే ముందు కదిలించు, ఆలస్యమంతా అక్కడే.

తవ్వే ముందు ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌లో తెలియజేయాలి. 2023 మార్చిలో తెచ్చిన ఏర్పాటు అది. భూమిలో కేబుళ్లు, పైపులు ఉన్నవాళ్లకు కబురు వెళ్తుంది. అంతటితో సరిపెట్టకుండా, అనుమానమున్న చోట కూలీలతో నెమ్మదిగా చిన్న గొయ్యి తీయించి చూడు. మంచినీళ్ల పైపు పగిలితే వీధి మొత్తం ఇబ్బంది పడుతుంది.

ఇక పూడ్చడం. నా దృష్టిలో పర్మిషన్ల పనిలో సగం ఇదే. మన దగ్గర మామూలుగా 1.65 మీటర్ల లోతు తవ్వుతాం. అంత గోతిలో మట్టి ఒక్కసారిగా నెట్టేస్తే మొదటి వానకే రోడ్డు కుంగుతుంది. పొరపొరకూ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించు. తవ్వక ముందు, పూడ్చాక, ఒకే చోట నిలబడి ఫొటోలు తీయించు. రోడ్డు బాగుచేస్తామని హామీగా ఇచ్చిన బ్యాంక్ గ్యారంటీ వెనక్కి తెచ్చుకోవాలన్నా, ఆ రోడ్డు చూసే ఇంజనీరు దగ్గరికే రేపు మరో రూట్‌తో వెళ్లాలన్నా ఆ ఫొటోలే నీ తరఫున మాట్లాడతాయి. పైగా అది జనం నడిచే రోడ్డు. కేబుల్ మనదే గానీ దారి వాళ్లది.

కేబుల్ నిజంగా ఎక్కడ, ఎంత లోతున పడిందో ఆ రోజుకారోజే డ్రాయింగ్‌లో ఎక్కించు. తర్వాత చూద్దామనుకుంటే గోతి మూసుకుపోతుంది, కొలత దొరకదు.

నీ మొదటి రూట్ మ్యాప్ తయారయ్యాక, క్రాసింగులన్నీ ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి నాకు పంపు. చూసి ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న