సర్‌ఫిట్, గ్లట్, ప్లెథొరా: అన్నీ ‘ఎక్కువే’నా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. కాలేజీ వార్షికోత్సవంలో ముఖ్య అతిథికి కృతజ్ఞతలు చెబుతూ ‘మీరు మాకు సర్‌ఫిట్ ఆఫ్ లవ్ పంచారు’ అని చదివితే, ఇంగ్లీషు లెక్చరరు నవ్వారట. నిఘంటువు తీస్తే సర్‌ఫిట్, గ్లట్, ప్లెథొరా, ఎక్సెస్, సర్‌ప్లస్ అన్నింటికీ ఇంచుమించు ‘ఆధిక్యం’ అనే ఉంది. మరి తేడా ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లెక్చరరు గారు నవ్వడానికి కారణం ఉంది గానీ, తప్పు మీ అమ్మాయిది కాదు, అయిదు మాటలకూ ఒకే అర్థం రాసి ఊరుకున్న నిఘంటువుది. ఈ మాటలన్నీ ‘ఎక్కువ’నే చెప్పినా, ఆ ఎక్కువ ఎక్కడ చేరింది, దానివల్ల ఎవరికి ఇబ్బంది అనే దగ్గర వేటి దారి వాటిదే.

సర్‌ఫిట్ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. మితిమీరి చేయడం దాని మూలార్థం. ఇంగ్లీషులో అది ముఖ్యంగా తిండిని పట్టుకొంది. పెళ్ళి భోజనంలో మొదటి బొబ్బట్టును నెయ్యి అడిగి మరీ వేయించుకొని తింటాం, రెండోదాన్ని మొహమాటానికి తింటాం, మూడోది విస్తట్లో పడబోతుంటే రెండు చేతులూ అడ్డం పెడతాం. ఆ అడ్డం పెట్టిన చేతుల వెనకనున్న స్థితే సర్‌ఫిట్. తెలుగులో వెగటు, మొహం మొత్తడం అనే మాటలు దీనికి ఆధిక్యం కన్నా ఎంతో దగ్గరగా ఉంటాయి. 1135లో నార్మండీలో మరణించిన ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ, వైద్యుడు వద్దంటున్నా వినకుండా లాంప్రేలనే పాముల్లాంటి చేపలను తిని జబ్బుపడ్డాడని ఆ కాలపు చరిత్రకారుడొకరు రాశారు. ‘సర్‌ఫిట్ ఆఫ్ లాంప్రేస్’ అనే పదబంధం ఆ రాజు చావును అంటిపెట్టుకొని ఇప్పటికీ నిలిచింది. కాబట్టి మీ అమ్మాయి పాపం తెలియకుండానే, ‘అయ్యా, మీ ప్రేమతో మాకు మొహం మొత్తింది’ అని ముఖ్య అతిథికి మనవి చేసుకుందన్నమాట.

గ్లట్‌కు మూలం లాటిన్‌లో ‘మింగడం’ అనే అర్థమున్న మాట; తిండిపోతును గ్లటన్ అనడమూ అక్కడి నుంచే. అయితే నేడు ఈ మాట కాపురం కడుపులో కాదు, సంతలో. మదనపల్లె టమాటా మార్కెట్‌కు సరుకు ఒక్కసారిగా పోటెత్తి, కోత కూలీ, బండి బాడుగ కూడా గిట్టని ధర పలికి, రైతు కాయను రోడ్డు పక్కన పారబోసి వెళ్ళిపోయే రోజున ఇంగ్లీషు పత్రికలు గ్లట్ అని రాస్తాయి. గమనించండి, ఇది ఎప్పుడూ అమ్మేవాడి గోడే. అదే రోజున సంచి నిండా చవకగా కొనుక్కొన్న గృహిణికి అది గ్లట్ అనిపించదు.

ప్లెథొరా కథ వైద్యశాస్త్రంలో మొదలైంది. గ్రీకులో నిండుదనమని దాని అర్థం. ఒంట్లో రక్తం మితిమీరిందని పాతకాలపు వైద్యులు భావించిన జబ్బుకు ఆ పేరు పెట్టి, నరం కోసో జలగలు పట్టించో రక్తం తీసేవారు. ఆ జబ్బు వాసన క్రమంగా పోయి, ఇప్పుడు చాలామంది దీన్ని ‘బోలెడు’ అనే అర్థంలో వాడుతున్నారు, నిఘంటువులూ ఒప్పుకొంటున్నాయి. నాకు మాత్రం ఉద్యోగ ప్రకటనల్లో ‘ప్లెథొరా ఆఫ్ ఆపర్చునిటీస్’ అని కనబడితే జలగలే గుర్తొస్తాయి. ఒక చిన్న ధ్రువపత్రానికి పదిహేను దరఖాస్తులు నింపమన్నప్పుడు ఆ దరఖాస్తులకు ఈ మాట చక్కగా అతుకుతుంది.

సర్‌ప్లస్ లెక్కల పుస్తకంలోని మాట, మిగులు బడ్జెట్‌లోని మిగులు. దానివల్ల ఎవరికీ వెగటు పుట్టదు. ఎక్సెస్ అంటే గీత దాటడం. విమానంలో 23 కిలోల పెట్టెను అనుమతిస్తే, అమెరికాలోని కొడుకు కోసం అమ్మ చివరి నిమిషంలో దూర్చిన ఆవకాయ డబ్బాతో తూకం 25 చూపితే, ఆ 2 కిలోలు ఎక్సెస్. గీత ఉంటేనే ఈ మాటకు అర్థం.

ఇంకొక ముచ్చట. విచారమనే అర్థంలో మనకు తెలిసిన శాడ్, ప్రాచీన ఆంగ్లంలో ‘తృప్తిగా నిండిన’ అనే అర్థాన్నిచ్చేది. నిండినవాడికి విసుగు వచ్చింది, విసుగు బరువుగా మారింది, బరువు చివరికి దిగులైంది.

మీ అమ్మాయికి కావలసిన మాట అబండెన్స్. అల అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన ఈ పదం సమృద్ధినే చెబుతుంది, అతిని కాదు. విచిత్రమేమిటంటే, ‘అనవసరంగా మిగిలిన’ అనే అర్థమున్న రిడండెంట్ కూడా ఆ అల నుంచే పుట్టింది; బ్రిటన్‌లో ఉద్యోగం ఊడినవారిని ఆ మాటతోనే ఇంటికి పంపుతారు.

ప్రశ్న: ‘ఎంబరాస్‌మెంట్ ఆఫ్ రిచెస్’ అంటారు. సంపద ఉంటే సిగ్గు ఎందుకు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇక్కడ సిగ్గు లేదు. ఇది 18వ శతాబ్దపు ఫ్రెంచి నాటకం పేరుకు అనువాదం. ఆ నాటకం 1738లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఫ్రెంచిలో ఆ మొదటి మాటకు ఇక్కట్టు, ఎటూ తోచకపోవడం అని అర్థం. చీరల కొట్లో పరుపు మీద నలభై చీరలు పరిపించుకొని, అన్నీ నచ్చి, ఏదీ తేల్చుకోలేక, తోడు వచ్చిన వదినగారి ముఖం చూసే అవస్థ ఇదే.

ప్రశ్న: ‘షి ఈజ్ టూ బ్యూటిఫుల్’ అనడం తప్పా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: టూ అంటే ‘చాలా’ కాదు, ‘మరీ’. కూర టూ సాల్టీ అంటే ఉప్పు కషాయమని, పక్కన పెట్టేయాలని. అందాన్ని మెచ్చుకోవాలంటే వెరీ అనండి. ‘టూ గుడ్’ అని స్నేహితుల మధ్య మెచ్చుకోలుగా అనడం మన దేశంలో స్థిరపడింది కనుక దాన్ని మాటల్లో ఉంచుకోండి, పరీక్ష కాగితం మీద మాత్రం వద్దు.