చేత్తో చేసిన బొమ్మకు ఫొటో తీసి ఇస్తే మార్కులొస్తాయా?

అన్నా, మీ అమ్మాయి బి.ఎఫ్.ఏ. (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ప్రాజెక్టుకు అట్టతో, మట్టితో సెట్టు చేసి, సెట్టు కాకుండా దాని ఫొటోలు ఇస్తానంటోందని, అది పనేనా బద్ధకమా అని అడిగారు. పనే. నెల్లూరులో ఫొటో స్టూడియో నడిపేవాణ్ణి, ఈ విషయంలో లెక్చరర్ల కంటే నాకే ఎక్కువ తెలుసు.

ఇదేం కొత్త కాదు. తిరునాళ్ల స్టూడియోల్లో అట్ట చందమామ మీద కొత్త జంటను కూర్చోబెట్టేవాళ్లు. ముందు వైపు వెండి రంగు, వెనక వైపు కర్రలూ మేకులూ. కెమెరాకు కనపడేంత వరకే చందమామ. ఇప్పుడేమో ప్రీవెడ్డింగ్ అంటూ మైపాడు బీచ్‌కు పోయి రంగు పొగలు వదులుతున్నారు, డ్రోన్ లేకపోతే పెళ్లే కాదంటున్నారు. ఆ గోల మళ్లీ ఎప్పుడైనా.

మా మేనకోడలు కూడా ఆర్ట్ స్టూడెంటే. వాళ్ల నాన్నది ఉప్పు పండించే ఇసకపల్లి వైపు, అందుకని ఉప్పు మళ్లు చేస్తానంది. మా మిద్దె మీద పాత తలుపు పరిచి, బంకమట్టితో గట్లు పోసి, తీగకు గుడ్డ చుట్టి మనుషుల్ని చేసింది. రాశుల మీద తాటాకు చీలికలు కూడా కప్పింది. అంతా బాగుంది గానీ రాశులకు కళ్లుప్పు వాడింది. బొమ్మ మనిషి పక్కన ఒక్కో గల్లు బండరాయంత ఉంది! అదంతా తీసేసి ముగ్గుపిండి పోయించాను. ఉప్పును ఉప్పుతో చేస్తే ఉప్పులా కనపడలేదు, చూడండి.

తర్వాత ఫొటో. నా పెద్ద కెమెరాతో దగ్గరికి పోతే ముందు మడి స్పష్టంగా, వెనక రాశులు మసగ్గా వచ్చాయి. అలా వస్తే బొమ్మలని చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. ఎపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుగొచ్చే కన్నాన్ని, f/16కి తగ్గించి ట్రైపాడ్ వేస్తే కొంత నయం. ఫోన్ ఇంకా నయం, దాని సెన్సర్ చిన్నది గనక దగ్గరా దూరం రెండూ క్లియర్‌గా వస్తాయి. ఫోన్‌ను తలకిందులుగా పెట్టమన్నాను, అప్పుడు లెన్స్ నేలకు ఆని బొమ్మ కంటి ఎత్తుకు వస్తుంది. వెనకంతా మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం ముట్టుకోవద్దని మీ అమ్మాయికి చెప్పండి. వెలుగుకు పొద్దుటి ఎండ చాలు, నీడలు పొడుగ్గా పడతాయి. సాఫ్ట్‌బాక్స్ (తెల్లగుడ్డ కప్పిన స్టూడియో లైటు) పెడితే నీడ మెత్తబడి సైజు బయటపడుతుంది. మళ్లలో పోసిన నీళ్లు కాస్త కదిలినా అంతే, అందుకే గాలి ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

ఇంతలో కాకి వచ్చి ఉప్పు రాశి మీద వాలింది. మనుషుల కంటే పెద్ద కాకి! అప్పటికే మా పిల్ల క్లిక్కుమనిపించింది. "మామా, ఇది డిలీట్ చేసేస్తా" అని ఒకటే గొడవ. నన్నడిగితే తీసిన వాటన్నిట్లో అదే అసలు ఫొటో. వినలేదు, మంచిపిల్లలా శుభ్రమైనవే ఇచ్చింది.

జర్మనీలో థామస్ డెమాండ్ అని ఒకాయన ఉన్నాడు, 1964లో పుట్టాడు. శిల్పం చదువుకుని, కాగితంతో చేసినవి నిలవవని రికార్డు కోసం ఫొటోలు తీసుకునేవాడు. 1993 నుంచి ఫొటో కోసమే గదులకు గదులు కాగితంతో కట్టడం మొదలెట్టాడు. ఫొటో అయ్యాక వాటిని పడేస్తాడు. ఎవరైనా "బొమ్మేది?" అని అడిగితే ఆయన పేరు చెప్పమనండి.

పడేయడంలో ఇంకో సుఖం ఉంది. సెట్టును అట్టపెట్టెలో పెట్టి కాలేజీకి తీసుకుపోదామంటే బస్సులో ఎక్కించుకోరు, ఎక్కించుకున్నా ఎవరో దాని మీద బియ్యం మూట పెడతారు. ఫొటోలైతే చంకలో ఇముడుతాయి. కాకపోతే నున్నటి మెరుపు కాగితం మీద కాకుండా మ్యాట్ మీద, పెద్ద సైజులో వేయించండి. చేస్తున్నప్పటి ఫొటోలు, మట్టి చేతులతో సహా, ఒక నాలుగు విడిగా జత చేయమనండి. లేకపోతే ఈ రోజుల్లో ఏఐతో చేయించావా అని అడుగుతారు.