పిల్లనగ్రోవి బెజ్జాలకు ఏ ఆకురాయి?

ప్రశ్న: అమ్రాబాద్ వైపు కంక బొంగుతో పిల్లనగ్రోవి చేస్తున్నాను. కాల్చిన చువ్వతో బెజ్జాలు పెట్టి, చిన్న ఆకురాళ్ల సెట్టుతో రాస్తే అంచున పీచు లేస్తోంది, బెజ్జం కోలగా అవుతోంది. ఎందుకని?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: సెట్టులో పన్నెండున్నా మీకు పనికొచ్చేవి రెండే: గుండ్రటిది, ఒకవైపు గుండ్రంగా ఒకవైపు చదునుగా ఉండేది. నంబరు చూసి కొనండి. 0 గరుకు, 2 మధ్యరకం, 4 నున్నన. వెదురుకు 2 చాలు. 4 అయితే పళ్ల సందుల్లో పొడి ఇట్టే కూరుకుపోతుంది.

బెజ్జం కోలగా అయ్యేది ఆకురాయి మరీ సన్నగా ఉండటం వల్ల. 8 మి.మీ. బెజ్జంలో 3 మి.మీ. ఆకురాయి పెడితే ఆనినచోటే గాడి పడుతుంది. బెజ్జం కన్నా కాస్త మాత్రమే సన్నంగా, 6 మి.మీ. ఉన్నది తీసుకోండి. లోపలికి తోస్తూనే వేళ్లతో కొద్దిగా తిప్పాలి. నాలుగైదు రాపిళ్లకోసారి బొంగునూ పావు వంతు తిప్పండి.

పీచు సంగతి వేరు. ఆకురాయి పళ్లు తోసేటప్పుడే కోస్తాయి. వెనక్కి లాగేటప్పుడు కూడా నొక్కితే పై చర్మం పీచుపీచుగా లేస్తుంది, పళ్లూ మొద్దుబారతాయి. బయటి నుంచి లోపలికి తోసి, ఆనించకుండా వెనక్కి తీయండి. వెదురు పైచర్మంలో సిలికా ఉంటుంది కాబట్టి ఉక్కు త్వరగా అరుగుతుంది. వజ్రపు పొడి అద్దిన ఆకురాయి ఎక్కువ కాలం ఆగుతుంది గానీ అది రెండువైపులా కోస్తుంది, దాన్నీ ఆనించి లాగకూడదు. ఊదే బెజ్జం అంచును మాత్రం గుండ్రం చేయకండి. అక్కడి పదును పోతే గాలి చప్పుడే వస్తుంది.

ప్రశ్న: రాస్తూ రాస్తూ శ్రుతి మించిపోయింది. తగ్గించడం ఎలా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: బెజ్జం పెద్దదయ్యేకొద్దీ శ్రుతి పెరుగుతుంది, ఊదే వైపు అంచు రాస్తే ఇంకా త్వరగా. ఆ అంచునే కొద్దిగా తేనెమైనం అద్దితే దిగుతుంది. పక్కాగా కావాలంటే వెదురు పొడి, ఫెవిక్విక్ కలిపి పూడ్చి మళ్లీ రాయండి. అసలు అరమిల్లీమీటరు చిన్నగానే ఆపి, నిమిషం సేపు ఊది బొంగు వెచ్చబడ్డాకే ట్యూనర్ చూడాలి. చల్లటి బొంగు శ్రుతి తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి రాస్తే ఇదే గతి. మందపు కంకలో స్వరం మూసుకుపోయినట్టుంటే పై కొలత మార్చకుండా లోపలి అంచు మాత్రం ఏటవాలుగా రాయండి. స్వరం తెరుచుకుంటుంది, శ్రుతి కూడా కొద్దిగా పెరుగుతుంది, ఆ లెక్క ముందే ఉంచుకోండి.

ప్రశ్న: ఆకురాయి పళ్లలో మసి అంటుకుంటే నూనె వేయవచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వద్దు. నూనె పొడిని ముద్ద చేస్తుంది, వెదురుకు మరక పడుతుంది. థిన్నర్‌లో ముంచి, పళ్ల వాలు వెంట ఇత్తడి తీగ బ్రష్‌తో తోమి, ఆరాక పళ్లకు సుద్దముక్క రుద్దండి. పొడి అంతగా అంటదు.