సమాధానం: ఎకాలజీ ల్యాబులకు మెయిల్స్ పెట్టినా జవాబు రావట్లేదు

మీ మార్కులు కాదు, మెయిలే సమస్య. ఎమ్మెస్సీ జువాలజీ అయింది, ఉండేది టెక్కలి, పీహెచ్‌డీ కోసం ఇరవై ల్యాబులకు రాస్తే ఒక్కరూ పలకలేదన్నారు కదా, మీరు పెట్టిన ఆ మెయిల్లో "ఆసక్తి ఉంది" తప్ప ఒక్క ప్రశ్న కూడా లేదు.

1. ప్రశ్న పుట్టాలంటే ముందు మీ సొంత లెక్కలుండాలి. మీ పక్కనే పక్షులు గూళ్లు కట్టే ఊరు తేలినీలాపురం ఉంది. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు (ఒక రకం కొంగలు) వచ్చే సీజన్లో నాలుగు చెట్లు ఎంచుకుని, వారానికోసారి అదే టైముకి వెళ్లి దూరం నుంచే గూళ్లు లెక్కపెట్టండి.

2. అందరూ వదిలేసేది ఇదే. గూడు కనబడని రోజు కూడా "సున్నా" అని రాయాలి, ఎన్ని నిమిషాలు చూశారో కూడా. అది లేకపోతే పక్షులు తగ్గాయా, మీరు వెళ్లడం తగ్గించారా అన్నది ఆ నోట్సు చూసి ఎవరూ చెప్పలేరు. నా మొదటి ఏడాది నోట్సంతా ఇలాగే పనికిరాకుండా పోయింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

3. తర్వాత ఒక్క ల్యాబు, వాళ్ల ఒక్క పేపరు చదివి, మీ లెక్కల్లోంచి పుట్టిన ప్రశ్నతో పది లైన్లు రాయండి. ఊరి పిట్టల మీద ఏం రీసెర్చ్ అని టెన్షన్ వద్దు, బెంగళూరు ఐఐఎస్సీలో రాఘవేంద్ర గడగ్కర్ అనే శాస్త్రవేత్త రోపాలిడియా మార్జినాటా అనే ఒక్క కందిరీగ జాతి మీదే దశాబ్దాలు పనిచేశారు.

4. సీఎస్ఐఆర్ నెట్ (రీసెర్చ్‌కి జాతీయ అర్హత పరీక్ష) లైఫ్ సైన్సెస్ ప్రిపరేషన్ మాత్రం ఆపకండి, మెయిల్‌కి జవాబొచ్చినా పీహెచ్‌డీ సీటుకి చాలా చోట్ల అలాంటి పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ ఉంటాయి.