సీతాకోకచిలుకల వెంట నడిచే అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. కాలేజీ ప్రాజెక్టు కోసం లఖారి లోయ అభయారణ్యంలో సీతాకోకచిలుకలను లెక్కపెట్టి వచ్చినప్పటి నుంచి జీవవైవిధ్యంలోనే ఎమ్మెస్సీ చేస్తానంటోంది. విశాఖపట్నంలో డేటా సైన్స్ కోర్సులో చేర్పిద్దామని మా ఆలోచన. ఆ కోర్సు ఫీజు, మా పొరుగింటి అబ్బాయికి వస్తున్న జీతం విడిగా రాశాం. రెండింటినీ పోల్చి చెప్పగలరు.

సమాధానం: రాయగడ నుంచి, బరంపురం నుంచి ఏటా నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. అందరూ అడిగేది జీతం గురించే అయినా, అసలు దిగులు వేరే ఉంటుంది: ఏనుగులు తిరిగే అడవికి ఆడపిల్లను ఎలా పంపడం, నలుగురు అడిగితే ఏం ఉద్యోగమని చెప్పడం. ముందు మీరు ధైర్యంగా ఉండండి. సీతాకోకచిలుకలు ఎండ పడ్డాకే రెక్కలు విప్పుతాయి కాబట్టి ఈ సర్వే ఎక్కువగా ఉదయం పూట పని. అటవీశాఖ అనుమతి తీసుకుని, ముందుగా నిర్ణయించిన బాట మీద నెమ్మదిగా నడుస్తూ, ఇరుపక్కలా రెండున్నర మీటర్లు, ముందు 5 మీటర్ల లోపు కనిపించినవాటిని మాత్రమే నమోదు చేస్తారు. ఏనుగుల జాడ తెలిసిన రోజున నడక మానుకోవడం కూడా ఆ శిక్షణలో భాగమే.

ఇక డేటా సైన్స్ విషయం. ఆ చదువును నేను తక్కువ చేయడం లేదు కానీ, గణితం మీద ఇష్టం లేని పిల్లలను కొన్ని నెలల కోర్సుల్లో చేర్చి, ఉద్యోగం ఖాయమని అప్పు చేసి ఫీజు కట్టిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను కాబట్టి నాకు గట్టి సందేహాలున్నాయి. లెక్కకు అర్థం విషయజ్ఞానం వల్లే వస్తుంది. ఉదాహరణకు, అడవి అంచున, పోడు వదిలేసిన బీళ్లలో, ఎండా పూలూ దండిగా ఉండటం వల్ల లోపలి చిక్కటి అడవిలో కంటే ఎక్కువ జాతులు కనిపించవచ్చు. అంకెలు మాత్రమే తెలిసినవారు అంచే మేలైన ఆవాసమని తేల్చేస్తారు. అక్కడ ఎగిరేవాటిలో చాలావరకు జిల్లేడు మీద పెరిగే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక వంటి, ఎక్కడైనా బతికే జాతులేనని, నీడనూ కొన్ని ప్రత్యేకమైన మొక్కలనూ నమ్ముకున్న జాతులు అడవి నరికితే పోతాయని, వాగు ఒడ్డున తడి మట్టి మీద గుంపుగా వాలేవి చాలావరకు ఉప్పు కోసం వచ్చిన మగవేనని జువాలజీ చదివిన పిల్లకు తెలుస్తుంది. గణాంకాలూ, వాటిని విశ్లేషించే ‘ఆర్’ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఈ రంగంలో నేర్చుకోక తప్పదు. మీరు కోరుకునే నైపుణ్యం అక్కడా దొరుకుతుంది.

ఒక మాట అంటాను, నొచ్చుకోకండి. మీ ఉత్తరంలో కోర్సు ఫీజు ఉంది, పొరుగింటి అబ్బాయి జీతం ఉంది. మీ అమ్మాయి అడవిలో ఏం చూసిందో ఒక్క వాక్యమైనా లేదు. ఎండలో నడిచి రాసుకున్న ఆ నోటుపుస్తకాన్ని మీరు ఒక్కసారైనా తెరిచి చూశారా? తెరవకుండానే భవిష్యత్తు నిర్ణయించడం న్యాయం కాదు.

కష్టాలనూ దాచను. ఎమ్మెస్సీ తరువాత కొన్నేళ్లు ప్రాజెక్టు ఉద్యోగాలే దొరకవచ్చు. ప్రాజెక్టు ముగిస్తే అవీ ముగుస్తాయి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంది. జువాలజీ డిగ్రీతో ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయవచ్చు, బీఎడ్ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో సీట్లు బాగా తక్కువ కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోవద్దు. రాయగడ దాటితే వచ్చే కొరాపుట్‌లో, 2009లో ఏర్పడిన ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జీవవైవిధ్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. దరఖాస్తు చేసేలోపు మీరిద్దరూ కలిసి ఒకసారి అక్కడికి వెళ్లి, హాస్టల్ చూసి, ఆ విభాగంలో చదువుతున్న ఆడపిల్లలతో మాట్లాడి రండి.