సమూయేలు పేరు గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

వందనాలు. మీ అన్నయ్య బిడ్డకు పెట్టిన పేరు మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ‘సమూయేలు అంటే దేవుడు విన్నాడు అని అర్థం’ అని మొదటి వాక్యంలోనే తేల్చేశావు. ఆ పేరు అంత తొందరగా తేలేది కాదు తల్లీ.

హీబ్రూలో వినడాన్ని ‘షమా’ అంటారు. ఆ మాట చివర గొంతు లోపలినుంచి పలికే ‘అయిన్’ అనే అక్షరం ఉంది. ఇష్మాయేలు పేరులోనూ, షిమ్యోను పేరులోనూ అది ఉంది కాబట్టి వాటికి వినడం అనే అర్థం సరిపోతుంది. సమూయేలులో, అంటే హీబ్రూ ‘షెమూయేల్’లో, ఆ అక్షరమే లేదు. ‘షేమ్’ అంటే పేరు, ‘ఏల్’ అంటే దేవుడు. అందుకే ‘దేవుని పేరు’ అనే అర్థం వైపు చాలామంది పండితులు మొగ్గుతారు.

మరి బైబిల్లో సమూయేలు ప్రవక్తను కన్నతల్లి ఏమంది? మొదటి సమూయేలు గ్రంథం 1వ అధ్యాయం 20వ వచనం తియ్యి. యెహోవాను అడిగి కన్నాను గనుక ఈ పేరు అంటుంది హన్నా. అడగడం అంటే ‘షాఅల్’. అందులోంచి నేరుగా పుట్టే పేరు షాఊల్, అంటే మన తెలుగు బైబిల్లోని సౌలు, ఇశ్రాయేలీయుల మొదటి రాజు! 28వ వచనంలో బిడ్డను దేవుని సేవకు షిలోహు మందిరంలో అప్పగిస్తూ ఆమె పలికిన మాటల్లో ‘షాఊల్’ అనే మాటే ఉంది. తెలుగులో చదివితే ఇది మనకు వినబడదు. ఈ పుట్టుక కథ మొదట సౌలుదేమోనని అనుమానించిన పండితులూ ఉన్నారు. నాకు అలా అనిపించదు. షాఊల్‌లోని నాలుగు అక్షరాలూ షెమూయేల్‌లో ఉన్నాయి, ‘మేమ్’ అనే మకారం ఒక్కటే ఎక్కువ. పేరు పెట్టే తల్లికి ఆ పోలిక చాలు. పైగా ఒక తల్లి అడిగి కన్న ఈ కొడుకే, జనం అడిగి తెచ్చుకున్న రాజు సౌలుకు తర్వాత అభిషేకం చేస్తాడు. కథ చెప్పినవాడు ఆ ‘అడగడం’ అనే మాటను ముందే నాటి పెట్టాడని నా నమ్మకం.

అలాగని వినడాన్ని నీ వ్యాసంలోంచి పూర్తిగా తీసెయ్యకు, 3వ అధ్యాయం దగ్గరికి జరుపు. బిడ్డ కోసం ప్రార్థిస్తున్న హన్నా పెదవులు కదలడమే చూసి, గొంతు వినబడక, తాగి ఉందనుకున్నాడు మందిరంలోని యాజకుడు ఏలీ. ఆ ఏలీ దగ్గర పెరిగిన పిల్లవాడు రాత్రి దేవుని పిలుపు విని, పిలిచింది ఏలీ అనుకుని మూడుసార్లు ఆయన దగ్గరికే పరుగెత్తాడు. నాలుగోసారి, ఆలకిస్తున్నాను చెప్పమన్నాడు. అక్కడుంది ‘షమా’. పేరు అక్షరాల్లో లేని వినడం ఆ పిల్లవాడి బతుకులో ఉంది. ఇది రాయడానికి నీకు ఒక పేజీ పట్టినా పరవాలేదు.

ఒక చిన్న మాట. ఒకచోట శామ్యూల్, ఇంకోచోట సమూయేలు అని రాశావు. యోహాను, పేతురు లాగే ‘సమూయేలు’ చివరి ఉకారం తెలుగు పెట్టినది. దాన్నే ఉంచు.

2వ అధ్యాయం 19వ వచనం నీ వ్యాసంలో ఎక్కడా లేదు. బలి అర్పించడానికి వచ్చే ప్రతి ఏడూ హన్నా కొడుక్కి చిన్న అంగీ కుట్టి తెచ్చేది. దగ్గర లేని బిడ్డ ఏడాదిలో ఎంత ఎదిగి ఉంటాడో మనసులో కొలుచుకుని కుట్టి ఉంటుంది కదా. అది చదివాక మీ వదినను అడుగు, బిడ్డకు ఈ పేరే ఎందుకు కావాలనుకుందో. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే రాసి, మొత్తం మళ్లీ నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ