డైరీలో ఒక్క లైను రాసేస్తే చెప్పినట్టేనా?

ప్రశ్న: మేడమ్, మా బాబు మూడో క్లాసు. పోయిన వారం స్కూల్లో ఆడుకుంటూ పడి తల గోడకి కొట్టుకున్నాడంట, ఐస్ పెట్టి మళ్ళీ క్లాసులో కూర్చోబెట్టేశారు. సాయంత్రం తలస్నానం చేయిస్తుంటే బొప్పి చేతికి తగిలితే గానీ నాకు తెలీలేదు. అడిగితే డైరీ చూడలేదా అన్నారు. చూశా, "చిన్న దెబ్బ, ఫస్ట్ ఎయిడ్ చేశాం" అని ఒక్క లైను ఉంది. అంతకుముందోసారి పొగ వచ్చిందని పిల్లలందర్నీ గ్రౌండ్‌లోకి పంపించేశారు, అది కూడా పేరెంట్స్ గ్రూపులో ఎవరో పెట్టిన వాయిస్ మెసేజ్ వల్లే తెలిసింది, స్కూల్ నుంచి మెసేజ్ వచ్చేసరికి సాయంత్రం అయిపోయింది. మా ఆయనేమో నువ్వు ప్రతిదీ పెద్దది చేస్తావంటారు. నిజంగానే ఎక్కువ చేస్తున్నానా?

జవాబు: లేదమ్మా, అస్సలు ఎక్కువ చేయట్లేదు. తలకి దెబ్బ తగిలితే లక్షణాలు వెంటనే కనపడాలని లేదు, కొన్ని గంటల తర్వాతో ఒకటి రెండు రోజులకో బయటపడొచ్చు. మళ్ళీ మళ్ళీ వాంతులవడం, తలనొప్పి తగ్గకుండా పెరుగుతుండటం, లేపినా సరిగ్గా లేవకపోవడం, మాట తడబడటం, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దగా ఇంకోటి చిన్నగా ఉండటం, వీటిలో ఏది కనపడినా ఆలోచించకుండా హాస్పిటల్‌కి పరిగెత్తాలి. మరి ఆ రాత్రి పిల్లాణ్ణి కనిపెట్టుకుని ఉండాల్సింది మీరే కదా, మీకు తెలీకపోతే ఎలా? అందుకే తలకి దెబ్బ అంటే డైరీ చాలదు, ఫోన్ చేయాలి, అదీ అప్పటికప్పుడే.

నన్నడిగితే ఆ లైన్లో అసలు తప్పు "చిన్న" అన్న మాటది. అది రాసినవాళ్ళ అభిప్రాయం, సమాచారం కాదు. ఎన్నింటికి పడ్డాడు, ఎంత ఎత్తునుంచి, తల దేనికి తగిలింది, స్పృహ తప్పిందా, వాంతి అయిందా, ఎవరు చూశారు, ఏం చేశారు, ఇంట్లో ఏం గమనించుకోవాలి... ఇవి రాసిస్తే చిన్నదో పెద్దదో మీరూ డాక్టరూ తేల్చుకుంటారు. ఎవరైనా నెట్టేస్తే పడ్డాడా అని మీకు అనుమానం ఉంటే ఆ పిల్లాడి పేరు మాత్రం అడక్కండి, వాళ్ళు చెప్పరు, చెప్పకపోవడమే కరెక్టు, రేపు మీవాడే ఎవర్నైనా నెట్టొచ్చు కదా. మళ్ళీ జరక్కుండా ఏం మార్చారో అడగండి, అది అడిగే హక్కు మీకుంది.

పొగ సంగతి వేరు. అలాంటప్పుడు మొదటి పని పిల్లల్ని బయటికి తెచ్చి అటెండెన్స్ రిజిస్టర్ పట్టుకుని తలలు లెక్కపెట్టుకోవడం, మనకి ఫోన్లు ఆ తర్వాతే, కాబట్టి కాసేపు మౌనంగా ఉన్నారంటే ఒప్పుకోవాలి. సాయంత్రం దాకా అంటే మాత్రం ఒప్పుకోను. చాలామంది ప్రిన్సిపాళ్ళు కారణం తేలాక అన్నీ కలిపి ఒకేసారి చెబుదామని ఆగుతారు, ఈలోపు గ్రూపులో పొగ కాస్తా మంటలైపోతుంది. మొదటి మెసేజ్‌కి నాలుగు మాటలు చాలు: "ల్యాబ్ వైపు పొగ కనిపించింది, పిల్లలందరూ గ్రౌండ్‌లో ఉన్నారు, లెక్క సరిపోయింది, ఎవరికీ దెబ్బలు లేవు. కారణం ఇంకా తెలీదు. దయచేసి ఇప్పుడే రావద్దు, అరగంటలో మళ్ళీ మెసేజ్ పెడతాం." తెలీదని రాయడం నామోషీ ఏం కాదు. రావద్దు అనే మాట కూడా ముఖ్యమే, అందరం బండ్లేసుకుని గేటు ముందు ఆపేస్తే ఫైరింజన్ ఎటునుంచి లోపలికెళ్తుంది?

ఇవన్నీ గ్రూపులో తిట్టుకుంటే తేలవు. క్లాస్ టీచర్‌కి, ప్రిన్సిపాల్‌కి కలిపి ఒక మెయిల్ పెట్టండి, ఏ దెబ్బకి ఫోన్ చేస్తారు, ఎమర్జెన్సీ అయితే మొదటి కబురు ఎక్కడ పెడతారు, పిల్లల్ని ఎవరి చేతికి అప్పగిస్తారు అని. రాసి పెడితే రేపు మేం చెప్పలేదే అనడానికుండదు. అలాగే స్కూల్లో మీరిచ్చిన నంబర్లు ఇప్పటికీ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. నవ్వకండి, నా నంబర్ మారి ఏడాదైనా మా అమ్మాయి ఫారంలో పాతదే ఉంది, మీ ఉత్తరం చదివాకే వెళ్ళి మార్పించుకొచ్చాను.

ప్రశ్న: నేను టీచర్ని. మోకాలు గీరుకున్నా ఫోన్ చేయమంటే మేం పాఠాలెప్పుడు చెప్పాలండీ?

జవాబు: మోకాలికి డైరీ చాలు. తల, కన్ను, పన్ను, ఊపిరి ఆడకపోవడం, అలర్జీ, ఎముక విరిగిందేమో అనిపించడం, వీటికి మాత్రం ఫోనే. ఇక పొగో మంటలో వస్తే ఎలా బయటికి రావాలో పిల్లలకి నేర్పే డ్రిల్ చేస్తున్నప్పుడు పేరెంట్స్‌కి పెట్టే మెసేజ్‌లో మొట్టమొదటి మాటే "ఇది ప్రాక్టీస్" అని ఉండాలి, చివర్లో రాస్తే అక్కడిదాకా చదివేలోపే సగంమంది చెప్పులేసుకుంటారు. ఇంకోటి, స్కూల్ నంబర్ చూడగానే గుండె గుభేల్మంటుంది, అందుకని ఫోన్ ఎత్తగానే "బాబు నా పక్కనే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు" అని మొదలుపెట్టి తర్వాత మిగతాది చెప్పండి, అది నిజమైతేనే సుమా.